గతుకుల దారి

“కాస్త నెమ్మదిగా పోనివ్వు బాబాయ్, పెద్దాయన ఎగిరెగిరి పడుతున్నారు,” అని నర్సు ముందు సీటు వైపు తిరిగి చెప్పింది.

“నేనేం చెయ్యనమ్మాయ్, దారి అలా ఏడ్చింది,” అన్నాడు డ్రైవరు, స్టీరింగును రెండు చేతులా తిప్పుతూ.

స్ట్రెచర్ మీది పెద్దమనిషి కళ్లు మూసుకుని, గుండె మీద చెయ్యి వేసుకుని, పళ్ల బిగువున కుదుపులు భరిస్తున్నారు. ఊరంతా ఆయనను చాటుగా రూలుకర్ర అనేది. ఆడిట్ శాఖలో పదవీ విరమణ చేసి ఊరి కౌన్సిల్లో సభ్యుడైన నాటి నుండీ, ఆంబులెన్సుకు నిధులు పెంచమన్నప్పుడల్లా అడ్డుపడినది ఆయనే. బాగున్న బండికి కొత్తగా డబ్బెందుకన్నది ఆయన వాదన. కౌన్సిల్ గది కిటికీలోంచి చూస్తే ప్రహరీ మీదుగా తెల్లటి టాపూ నీలి దీపమూ కనిపించేవి. ఏటా వాటిని చూసే ‘బండి భేషుగ్గా ఉన్నది’ అని రాసి సంతకం చేసేవారు. ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆయన వంశంలోనే లేదని ప్రతీతి.

ఆ మధ్యాహ్నం ఆ నిధుల మీదే సమావేశం. అటు సగం, ఇటు సగం. ఆయన చెయ్యి ఎటు లేస్తే అటు. తక్కిన సభ్యులు గదిలో ఎదురుచూస్తుండగా, ఎన్నడూ లేనిది ఆయన పెరటిదారిన వచ్చారు. పక్కనే ఉన్న డ్రైవరింట్లోంచి నర్సు చూసేసరికి ఆంబులెన్సు షెడ్డు ముందు నిలబడి ఉన్నారు. ఆమె చూస్తుండగానే కళ్లజోడు తీసి, మడిచి, పెట్టెలో పెట్టుకుని, ఆపైన గుండె పట్టుకుని మెల్లగా కూలబడ్డారు. ఆమె పరుగున వెళ్లి నాడి చూసింది. గడియారంలా కొట్టుకుంటోంది. ఇది గుండె కాదు, కడుపులో వాయువని తేల్చుకుంది. ఆయన మాత్రం ఆంబులెన్సు ఎక్కించమని పట్టుబట్టారు.

చిక్కల్లా అక్కడే వచ్చింది. ఆ బండికి చక్రాలు లేవు.

టైర్లు పీలికలైపోతే నిరుడే విప్పేసి, బండిని ఇటుకల మీద నిలబెట్టి, కింద కనిపించకుండా చుట్టూ టార్పాలిన్ కట్టారు. ఆ సంగతి పైకి చెప్పే వీలు లేదు. నడిచే బండికే నిధులివ్వాలన్నది కౌన్సిల్ నిబంధన. నిధులు వస్తేగాని ఈ బండి నడవదు. కిందటి నెల నొప్పులు పడుతున్న ఒక తల్లిని కట్టెలబండి మీద ఆస్పత్రికి తీసుకువెళ్లింది నర్సే. కాన్పు దారిలోనే అయింది. తల్లీబిడ్డా దక్కారు గాని, మరోసారి అలా దక్కుతారని ఆమెకు నమ్మకం లేదు.

అందుకే, నొప్పి తగ్గేదాకా ఆయనను కాసేపు ‘తిప్పుదామని’ నర్సూ డ్రైవరూ కళ్లతోనే అనుకున్నారు. ఇంజను వేసి ఉంచారు. వెనకనుంచి బండిని ఊపుతున్నది డ్రైవరు అల్లుళ్లిద్దరూ. అత్తవారింట వాళ్లు ఒళ్లు వంచడం అదే మొదలు.

“ఎంతవరకు వచ్చాం?” అని పెద్దాయన కళ్లు తెరవకుండానే అడిగారు.

“వంతెన దాటామండీ.”

“సైరన్ గొంతు బొంగురుపోయిందేం?”

“బాగు చేయించడానికి డబ్బుల్లేవండీ,” అన్నాడు డ్రైవరు. అతడు జవాబు చెబుతున్నంతసేపూ సైరన్ ఆగి, తరువాత మళ్లీ మొదలైంది.

బయట అల్లుళ్లలో ఒకడు తుమ్మాడు. దారినపోయేవాళ్లెవరోనండీ అని నర్సు సర్దబోయింది.

“మనతోపాటే పరుగెత్తుకొస్తున్నాడమ్మాయ్, పాపం,” అన్నారాయన. “ఇంతకీ కౌన్సిల్‌ను ఏమేం అడుగుతున్నారు?”

“డీజిలు, ఆక్సిజన్ సిలిండరు. అంతేనండీ.”

“టైర్లు అడగలేదేం?”

నర్సు స్ట్రెచర్ పట్టీ బిగించింది. “ఉన్నాయి కదండీ.”

“ఈ కుదుపులకు అవెన్నాళ్లుంటాయి? అవీ కలిపి అడగండి. చక్రాలతో సహా.”

అంతటితో ఆయన ఒక పెద్ద తేన్పు తేన్చి, నొప్పి పోయిందనీ, సమావేశానికి వేళవుతున్నది గనుక బండి వెనక్కి తిప్పమనీ ఆజ్ఞాపించారు. వెళ్లినంత దూరమూ తిరిగి రావాలి కదా. అల్లుళ్లు మూలుగుతూ మళ్లీ అందుకున్నారు. చివరికి తలుపు తీసేసరికి ఇద్దరూ గోడవారన చతికిలబడి ఉన్నారు. పెద్దాయన వాళ్ల వంక చూడనైనా చూడకుండా కళ్లజోడు పెట్టుకుని సమావేశానికి నడిచారు.

అక్కడ ఆయన రెండే మాటలు చెప్పారు. ఆ బండిలో స్వయంగా ప్రయాణం చేశాననీ, దాని అవస్థ ఎముకలకు తెలిసివచ్చిందనీ. ఆపైన చెయ్యెత్తారు. టైర్లూ చక్రాలతో సహా నిధులు మంజూరయ్యాయి. గుమ్మం దగ్గర నిలబడి వింటున్న నర్సుకు కళ్లు చెమర్చాయి. అంతటి మనిషిని మోసగించామే అన్న బెంగ కూడా పట్టుకుంది.

ఆయన బయటికి వచ్చినప్పుడు పంచె మీద, మోకాళ్ల దగ్గర, ఎర్రటి ఇటుక పొడి కనిపించింది.

“పడిపోయినప్పుడు అంటుకున్నట్టుందండీ,” అంటూ నర్సు దులపబోయింది.

ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

“పడకముందే టార్పాలిన్ ఎత్తి చూశానమ్మా.”