మల్లికార్జున సెట్టింగ్

"ఇంకోసారి తిప్పు," అన్నాడు వసారాలో మంచం మీద పడుకుని ఉన్న మల్లికార్జున.

సరిత వాకిట్లో ఆపిన చిన్న ట్రక్కులో కూర్చుని మళ్లీ తాళం తిప్పింది. ఇంజను గరగరా తిరిగింది కానీ అందుకోలేదు. మల్లికార్జున కాసేపు చెవి ఒగ్గి విని గోడవైపు తిరిగాడు. అతని భుజాలు కదలడం చూసి, ఏడుస్తున్నాడేమోనని సరిత తాళం వదిలేసింది. అసలే చేస్తున్నది దొంగపని.

నిజానికి బండి నిక్షేపంలా ఉంది. తెల్లవారుజామున మొగుడు గురక పెడుతుండగా, ఇంజనుకు పెట్రోలు కొలిచి పంపే కంప్యూటర్ పెట్టె వైరును ఆమే ఊడదీసింది.

మల్లికార్జున కాలు విరిగి ఎనిమిది నెలలైంది. ఎముక ఎప్పుడో అతుక్కుంది. నడవమని నరసరావుపేట డాక్టరు మూడుసార్లు చెప్పాడు. "నేను లేచి ఎవరిని ఉద్ధరించాల?" అంటాడు తప్ప మంచం దిగడు. వెల్దుర్తి నుంచి మాచర్లకు పాలక్యాన్లు వేసే పని సరిత అందుకుంది, చక్కగా నడుపుతోంది. వచ్చిన చిక్కల్లా అదే. ఇంట్లో అతనితో ఎవరికీ అవసరం లేకుండా పోయింది.

ఒకప్పుడు మాచర్లలో ఏ పెట్రోలు వ్యాను దగ్గినా మల్లికార్జున చెయ్యి పడాల్సిందే. పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్‌ను చెవితో విని సెట్ చేసేవాడు. కంప్యూటర్‌తో నడిచే ఇంజెక్షన్ బండ్లు, వాటి లోపం పట్టే స్కానర్లు వచ్చాక పానాలు అటకెక్కించి డ్రైవరయ్యాడు. అది గుర్తొచ్చే సరిత, వైరు పీకడానికి ముందురోజు, అతనితో కలిసి పని నేర్చుకున్న పీర్ సాహెబ్ షెడ్డుకు వెళ్లింది.

"ఈ ఇంజెక్షన్ పీకేసి కార్బురేటర్ పెట్టన్నా," అంది.

పీర్ సాహెబ్ ఆమెను ఎగాదిగా చూశాడు. "లోకమంతా ముందుకు పోతంటే నువ్వు ఎనక్కి పోతావేంది చెల్లెమ్మా? బండి లక్షణంగా నడుస్తందిగా."

"బండి నడుస్తంది. మనిషే నడవట్లా."

సాయిబు గడ్డం గోక్కున్నాడు. "నేను సరిగ్గా బిగిస్తే వాడు లేవడు. తప్పు బిగించాల. చూసి ఓర్చుకోలేని తప్పు," అన్నాడు.

వైరు ఊడదీసిన ఆ సాయంత్రమే సరిత మొగుడి దగ్గర కూర్చుంది. "కంప్యూటర్ పోయిందంటయ్యా. ఈ పాత బండికి దొరకదంట. కార్బురేటరే గతంటన్నాడు పీరన్న."

ఎట్లా పోయింది, ఎవరు చూశారు అని నిలదీస్తాడని జవాబులన్నీ బట్టీ పట్టింది. అతను ఒక్కటీ అడగలేదు. "సరేలే," అన్నాడు. బతుకుజీవుడా అనుకుందామె.

పాలక్యాన్లు పక్కింటి ఆటోకు అప్పజెప్పారు. పీర్ సాహెబ్ పాడుబడ్డ వ్యాను నుంచి కార్బురేటర్ తెచ్చి, ఇంటి ముందే రెండు రోజులు వీలైనంత చప్పుడు చేస్తూ బిగించాడు. మంచం మీంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. సరితకు దిగులు పట్టుకుంది. బాగున్న బండి పాడై, మనిషీ లేవకపోతే రెంటికీ చెడ్డ రేవడే.

మూడోనాడు సాయిబు, ఇంజెక్షన్‌కు ఉన్న పాత పంపునే కార్బురేటర్‌కు తగిలించి తాళం తిప్పాడు. దాని జోరుకు పెట్రోలు బుసబుసా పొంగి కారింది.

"ఆపరా సాయిబూ," అని కేక వినబడింది వసారాలోంచి. "ఆ పంపు తోపుకు కార్బురేటర్ తట్టుకుంటదా? ముప్పై ఏళ్ల మేస్త్రీవి, చిన్న పంపు పెట్టాలని తెలవదూ?"

"మర్చిపోయా మల్లీ. ఈ పని ఎవడు చేస్తన్నాడిప్పుడు? వచ్చి చూపియ్యి."

"నేనొచ్చేదేంది."

"అయితే ఇట్టనే వదిలేస్తా. కారితే కారుద్ది."

తర్వాత చేతికర్ర నేలకు తగిలిన చప్పుడైంది. కుళాయి దగ్గరున్న సరిత వెనక్కి తిరగలేదు. కడిగిన క్యానే మళ్లీ కడుగుతూ అడుగులు లెక్కపెట్టింది. ఏడో అడుగు దగ్గర ఆమె కళ్లు నిండిపోయి క్యాను కనబడలేదు.

"జరుగు," అన్నాడు మల్లికార్జున సాయిబుతో. "చానా చెడగొట్టావు."

చిన్న పంపు తెప్పించాడు. ట్రక్కు సీటెత్తి దాని కింది ఇంజను మీదికి వంగి, సాయంత్రం దాకా స్క్రూడ్రైవర్ వదల్లేదు. పొద్దుగూకే వేళకు ఇంజను అందుకుంది. దగ్గింది. అతను కళ్లు మూసుకుని స్క్రూను పావు చుట్టు తిప్పాడు. దగ్గు ఆగి ఇంజను నిలకడగా తిరిగింది.

ఆనాటి నుంచి పొద్దున్నే చల్లబడ్డ ఇంజనుకు చోక్ లాగి బండిని లేపే పని అతనిదే. సరిత లాగితే అలుగుతుంది, అతను లాగితే పలుకుతుంది. దారిలో ఆగితే మళ్లీ లేపాలి కనుక రోజూ ఆమె పక్కన కూర్చుని మాచర్ల వస్తున్నాడు. పాలకేంద్రం దగ్గర నలుగురు పాత వ్యాన్లవాళ్లు అతని కోసం కాచుకుని ఉంటున్నారు. కర్ర ఒకసారి అక్కడే మరిచి వచ్చాడు కూడా.

అంతా బాగానే ఉంది గానీ, సరితకు అబద్ధం మాత్రం అరగలేదు. వారం తిరిగాక దారిలో బండి పక్కన ఆపింది.

"నీకో మాట చెప్పాలయ్యా. కోప్పడకూడదు."

"ఏందది?"

"ఆ కంప్యూటర్ పోలేదు..." ఆమె స్టీరింగు మీద గోరుతో గీకసాగింది.

మల్లికార్జున ఆమె చేతి మీద చెయ్యేశాడు.

"నువ్వు వైరు పీకినప్పుడు నేను దొంగ గురక పెడతా మేలుకునే ఉన్నానే."