సంచి కింద చెయ్యి

ఆనందకుమారికి మొగుడు అశోక్‌తో ఒకటే చిక్కు. అతని కంటికి మనుషులంతా లారీలే.

పోర్టు రోడ్డులో లారీలు తూచే కాటా దగ్గర ఉద్యోగం. ఏ డ్రైవరు ఒక టైరును కాటా పలక బయటికి జరిపి తూకం తగ్గించబోయాడో రోజూ అన్నం దగ్గర పూస గుచ్చినట్టు చెబుతాడు. సంతలో బెండకాయలు కొన్నా కాటా కిందికి వంగి చూస్తాడు.

ఆ జబ్బు ఆమెకూ అంటుకుంది.

ఆమె సముద్రపొడ్డున ఒక పాలెంలో అంగన్‌వాడీ టీచరు. పైగా బీయస్సీ ఫిజిక్సు.

ఆ రోజు పిల్లల తూకం. దూలానికి స్ప్రింగు కాటా, దాని కొక్కేనికి గుడ్డసంచి, సంచిలో కెజియా కూతురు.

కెజియా రొయ్యల షెడ్డులో పనికి పోతుంది. పాపను తెచ్చేది ఒక ముసలామె. సంచి కింద దోసిలి పట్టి నిలబడింది.

ముల్లు ఆగిన అంకె, పాప వయసుకు చార్టులో ఎర్రగీత కిందికి వచ్చింది.

"చెయ్యి తియ్యవ్వా."

"తగల్లేదు తల్లీ. ఊరికే కింద పెట్టినానంతే."

"తగలకుండానే తగ్గిందా తూకం? పాప ద్రవ్యరాశి ఎక్కడికీ పోదు. భూమి కిందికి లాగతాది, నువ్వు పైకి మోస్తుండావు. మిగిలిందే ముల్లు చూపిస్తుండాది."

వరసలో ఉన్న తల్లులు నోళ్లు తెరిచారు. చదివిన ఫిజిక్సు ఇంతగా అక్కరకొచ్చిన రోజు ఆనందకుమారికి అంతకుముందు లేదు.

"భూమి లాగేది నాకు తెలుసు తల్లీ," అంది ముసలామె. చెయ్యి మాత్రం తియ్యలేదు.

"తెలిసే చేస్తుండావా? తూకం తగ్గితే కోడలికి గుడ్లు ఎక్కువొస్తాయనా?"

ఎవరో కిసుక్కుమన్నారు.

ముసలామె పాపను సంచిలోంచి తీసి భుజాన వేసుకుంది.

ఎర్రగీత కింద ఉన్న బిడ్డను నెల్లూరు ఆసుపత్రికి పంపాలి. ఆనందకుమారి, ఆ చెయ్యి మోసిందనుకున్న బరువును అంచనా కట్టి కలిపింది. పాప ఆకుపచ్చలోకి వచ్చింది. ఆసుపత్రి తప్పింది.

ఇంట్లో చెబితే అశోక్ మురిసిపోయాడు.

"టైరు పట్టేసినావే!"

మరుసటి తూకానికి కెజియానే పని మానుకుని వచ్చింది.

"అవ్వ రానన్నాది టీచరమ్మా."

"రాదులే. దొరికిపోయింది గదా."

సంచి కింద ఎవరి చెయ్యీ లేదు.

ముల్లు, పోయిన నెల ఆగినచోటి దాకా కూడా రాలేదు.

ఆనందకుమారి కాటాను తట్టింది. సంచి విప్పి మళ్లీ కట్టింది. ముల్లు కదల్లేదు.

అప్పుడు చూసింది పాప పెదాలు. నీలంగా ఉన్నాయి.

నెల్లూరులో డాక్టరు గుండెలో రంధ్రమన్నాడు. తూకం పడిపోతున్నప్పుడే ఎందుకు పంపలేదని అడిగాడు. ఆపరేషన్‌కు తట్టుకోవాలంటే పాప ఇంకాస్త ఒళ్లు చెయ్యాలి, అంత వ్యవధి ఉందో లేదో చెప్పలేనన్నాడు.

పాపను చేర్చిన నాలుగో రోజు, వార్డు బయట బెంచీ మీద కెజియా పక్కన కూర్చుంది ఆనందకుమారి.

"తప్పు నాది కెజియా. ఆమె చెయ్యి తగల్లేదు. కాటా నిజమే చెప్పింది, నేనే నమ్మలేదు. మీ అత్తను పిలిపించు. అందరి ముందూ ఒప్పుకుంటాను."

"ఆమె లేదు టీచరమ్మా. మొన్ననే జొరమొచ్చి పోయింది."

"అయ్యో, మీ అత్త..."

"అత్త కాదు. మాకేమీ కాదు. నేను పనికి పోతానని తానే అడిగి పాపను తెచ్చేది," కెజియా కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "పక్క పాలెంలో తూకమేస్తుంటే కొక్కెం ఊడి, బండ మీద పడి చనిపోయిందే ఒక బిడ్డ... ఆ బిడ్డకు సొంత అవ్వ."