ఐదు గీతల కాగితం

కొత్తగా వచ్చిన పెద్దమనిషి ఏ వాద్యాన్నీ ముట్టుకోలేదు. స్వరాలు రాసిన నొటేషన్ కాగితం కళ్లెదుట పెట్టుకుని, అందులోని బేస్ గిటార్ భాగాన్ని గొంతుతోనే పాడేశాడు.

ఆర్కెస్ట్రా వాళ్లంతా నోళ్లు తెరుచుకుని విన్నారు.

నరేష్‌కి మాత్రం కడుపు రగిలింది.

పన్నెండేళ్లుగా అక్కడ బేస్ గిటార్ అతనిదే. వారమంతా ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద పని, ఆదివారం అదే వీధిలో మేడ మీది హాల్లో రిహార్సల్. ఏ పాటైనా రెండుసార్లు వింటే వాయించేస్తాడు. ఐదు గీతల మీద రాసిన నొటేషన్ చూస్తే మాత్రం కరెంటు తీగల మీద కాకులు వాలినట్టుంటుంది అతనికి.

"ఈయన భీమశంకరరావు గారు. స్టీల్ ప్లాంట్‌లో రిటైరయ్యేరు. మనకి నొటేషన్ రాసిపెడతారు," అన్నాడు ఆర్కెస్ట్రా నడిపే రమణమూర్తి. "ఈసారి ప్రోగ్రామ్‌కి చెన్నై నుంచి మ్యూజిక్ కండక్టర్ వత్తన్నాడు. పాటలన్నీ కొత్తయి. ఆయనతో రిహార్సల్ ఒక్కటే. కాయితం సదివినోడే స్టేజీ ఎక్కుతాడు. నెల్రోజులుంది, నేర్సుకోండి."

ఆ చివరి మాట తనకేనని నరేష్‌కి తెలుసు. మిగిలినవాళ్లకి ఎంతో కొంత వచ్చు.

టీ తాగేటప్పుడు అతని చూపు భీమశంకరరావు ఎడమచేతి మీద పడింది. వేళ్ల కొసలు కాయలు కాచి ఉన్నాయి. తన వేళ్లకీ అవే కాయలు. లావుపాటి బేస్ తీగలు నొక్కితే కాసేవి.

ఇంకేముంది. రాయడానికి కాదు, తన కుర్చీకి ఎసరు పెట్టడానికే వచ్చాడు.

"నరేష్ గారూ, సాయంత్రం పూట ఓ అరగంట నాతో కూర్చోండి. నెల తిరక్కుండా నేర్పేస్తానండి," అన్నాడాయన, గోదావరి యాసలో.

"నాకు సెవులున్నాయండి. అయి సాలు."

"మీ చెవి బంగారమండి. చదవడం కూడా వస్తే మిమ్మల్ని ఆపేవాడుండడు."

"ఏటి, ఎటకారమా?"

ఆయన నవ్వి ఊరుకున్నాడు. కోప్పడినా బాగుండేది. ఆ నవ్వు చూస్తే నరేష్‌కి ఇంకా మండింది.

ఇంటికెళ్లి కూతురు దేవిశ్రీ కీబోర్డు పుస్తకం లాక్కున్నాడు.

"నీకెందుకు నాన్నా అది?"

"నువ్వేటి నేర్సుకుంతన్నావో సూద్దామని."

నెల రోజులు తలుపేసుకుని కుస్తీ పట్టాడు. ఏ గీత మీద ఏ స్వరం, ఏ సందులో ఏ స్వరం, నిద్రలో లేపి అడిగినా చెప్పేంత వచ్చింది. ఆ ముసలాయన ముందు తలవంచకుండా నేర్చుకున్నానన్న సంబరం అంతకంటే ఎక్కువ.

కండక్టర్ వచ్చిన రోజు కాగితం స్టాండ్ మీద పెట్టి దర్జాగా మొదలుపెట్టాడు.

నాలుగు క్షణాలకే హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి.

తప్పు పోతున్నట్టు నరేష్ చెవికీ తెలుస్తోంది. కానీ కాగితం వదిలేసి చెవి మాట వింటే, వీడికి చదవడం రాదంటారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు ఇంకా గట్టిగా వాయించాడు.

కండక్టర్ చెయ్యెత్తి ఆపేశాడు.

"బేస్ ఎవరు? చదవడం రానివాణ్ని ఎవరు కూర్చోబెట్టారు?"

నరేష్ తీగల మీంచి చేతులు తీసేశాడు.

"తప్పు నాదండి," అంటూ వెనక బెంచీ మీంచి లేచాడు భీమశంకరరావు. "బేస్ కాగితం నేనే తప్పు రాశాను."

"ఈ వయసులో నేను పంపింది చూసి రాయడం కూడా రాకపోతే ఎలాగండీ? అది సరిచేసి ఇచ్చేసి మీరు ఇంటికెళ్లండి."

అందరి ముందూ అన్న మాట. ఆయన తలూపి, నరేష్ పక్కన కూర్చుని కొత్త కాగితం రాయసాగాడు.

"మీరు కీబోర్డు మీద కుడిచేత్తో వాయించే స్వరాల లెక్కన చదివారండి," అన్నాడు మెల్లగా. "బేస్‌కి గుర్తు వేరు, ఏ గీత ఏ స్వరమో ఆ లెక్కా వేరు. పర్లేదు, మీకొచ్చిన లెక్కలోకే మార్చేస్తున్నాను."

నరేష్ పాత కాగితం చూశాడు. గీతల మొదట్లో మనిషి చెవిలాంటి గుర్తుంది. కూతురి పుస్తకంలోది మెలికలు తిరిగిన గుర్తు. కాగితంలో ఏ తప్పూ లేదు.

లేచి ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. చెబితే కుర్చీ పోతుంది. ఆయన పెన్నులు సంచిలో వేసుకుని మెట్లు దిగుతుంటే, పీడ విరగడైందని లోలోపల సంతోషించాడు కూడా.

ప్రోగ్రామ్ బ్రహ్మాండంగా జరిగింది. కండక్టర్ వచ్చి నరేష్ భుజం తట్టి వెళ్లాడు. తట్టిన చోట వారమంతా ఏదో గుచ్చుకుంటూనే ఉంది.

ఆదివారం అందరికంటే ముందు వచ్చి రమణమూర్తిని అడిగాడు.

"బావా, ఆయన ఇల్లెక్కడ? బేస్ లెక్క నేర్సుకుందారని."

"గాజువాకలో అద్దిల్లు కాళీ సేసి వాళ్లూరు ఎల్లిపోయేడు. నాను ఫోన్ సేత్తే ఎత్తట్లేదు. అంతమందిలో మాట పడ్డాడు కదా."

నరేష్‌కి మొహం చెల్లలేదు. అయినా పాత మంట ఊరుకోనివ్వలేదు.

"పోతే పోయేడు. నా కుర్సీ మీద కన్నేసిన మనిషే కదా."

రమణమూర్తి మెట్ల వైపు చెయ్యి చూపించాడు.

"ఒరే, నీకు సదవడం రాదని నీ కుర్సీలో కూకోమని ఆయన్ని పిలిసింది నానే గానీ, ఆ మెట్ల మీద నిలబడి నీ వాయింపు విన్నాక, 'ఈ అబ్బాయిని లేపి నేను కూర్చోనండి, కాగితాలు రాసిపెట్టి అతనికే నేర్పుకుంటాను' అని ఆయనే రాతపనికి దిగేడు."