రాజుగారిని చంపే రోజు

"రాజుగారిని చంపితే మేం సెట్లో అడుగు పెట్టం," అంది రాణి.

దర్శకురాలికి తల తిరిగిపోయింది. ఆ మాటకి కాదు, ఆ మాట అంటున్నప్పుడు రాణి పక్కన సేనాధిపతి నిలబడి ఉన్నందుకు. సీరియల్ పోస్టరు మీద ఎవరి బొమ్మ పెద్దదన్న గొడవతో వాళ్ళిద్దరికీ ఏడాదిగా మాటల్లేవు. కెమెరా ముందు కలిసి కుట్రలు చేస్తారు, షాట్ అవగానే చెరో మూలకి పోయి కూర్చుంటారు. అలాంటివాళ్ళు ఇవాళ ఒకే బల్ల మీద టీ గ్లాసులు పెట్టుకున్నారు. వాళ్ళ వెనక మేకప్ మ్యాన్, లైట్లవాళ్ళు, ఆఖరికి ఈటెలు పట్టుకునే భటులు కూడా చేరారు.

"కథ ప్రకారం ఆయనకి విషం పెట్టేది మీరిద్దరే కదా," అంది దర్శకురాలు కళ్ళజోడు తీసి ముక్కు నులుముకుంటూ.

"అది కథ మేడమ్. ఇది ఆయన కూడు," అన్నాడు సేనాధిపతి. "ఈ వయసులో ఇంకో వేషం ఎవరిస్తారు ఆయనకి?"

రాజు వేషం వేసే పెద్దాయన్ని సెట్ బయట కూడా అందరూ రాజుగారనే పిలుస్తారు. ఆయనంటే ఎంత గౌరవమో, ఆయన విషయంలో దర్శకురాలి మీద అంత మంట. ఈ మధ్య ఆయన షాట్లు ఒక్కటీ సాగనివ్వడం లేదు. దర్బారులో ఆయన నోరు తెరిచి ఒక మాట అనేలోపే కట్ అంటుంది. లైటు బాగాలేదంటుంది, భటుడు కదిలాడంటుంది. లైట్లవాళ్ళు తిట్లు తిని తిని విసిగిపోయారు. కదలకుండానే కదిలాడనిపించుకున్న భటుడైతే ఉద్యోగం మానేస్తానని బయల్దేరాడు. మొన్నటికి మొన్న రాజుగారి యుద్ధప్రసంగం తీసి సేనాధిపతికి ఇచ్చేసింది. ఇవాళ ఏకంగా ప్రాణమే తీస్తానంటోంది.

"అసలు ఏంటి మేడమ్ ఆయన మీద మీకంత పగ?" అంది రాణి.

"పగేం లేదు. కథ అలా వచ్చింది."

"కథ నడిపేది మీరే కదా."

దర్శకురాలు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. పెద్దాయన్ని కూడా అడిగి చూశామన్నాడు మేకప్ మ్యాన్. మేడమ్ ఎలా అంటే అలాగే అని నవ్వి ఊరుకున్నాడట. ఆ నవ్వు చూసి తనకి అన్నం సహించలేదన్నాడు.

అంతలో నిర్మాత ఫోన్ చేశాడు. తిరుగుబాటు కబురు అప్పటికే ఆయన దాకా పోయింది. ఇంకో నెల బతికించు, నీ సొమ్మేం పోయిందన్నాడు. కుదరదంది. ఈ మొండితనంతో నన్ను నిండా ముంచుతావని అరిచి పెట్టేశాడు. సాయంత్రానికి ఎపిసోడ్ ఛానెల్‌కి చేరాలి. విషం గిన్నె కడిగి సిద్ధంగా ఉంది. తాగేవాళ్ళున్నారు, తాగించేవాళ్ళు లేరు.

ఆమెకి ఒళ్ళు మండింది. కానీ పొత్తులు కట్టడం, కూల్చడం ఆమెకి కొత్త పనేం కాదు. ఈ సీరియల్లో అన్ని రాజ్యాలనీ అలాగే కలిపింది, అలాగే విడగొట్టింది. ఇద్దరు శత్రువుల్ని మూడో శత్రువు కలిపితే, ఆ పొత్తు సింహాసనం కనబడేదాకానే ఉంటుందని ఆమెకి బాగా తెలుసు.

సేనాధిపతిని పక్కకి పిలిచింది. బతిమాలలేదు, బెదిరించలేదు. రేపటి నుంచి సింహాసనం ఖాళీ అనీ, అందులో ఎవరు కూర్చోవాలో తానింకా తేల్చుకోలేదనీ మాత్రం చెప్పింది. అతను వెనక్కి వెళ్ళి, బల్ల మీది తన టీ గ్లాసు తీసుకుని, తన పాత మూలకి పోయి కూర్చున్నాడు.

రాణిని పిలవాల్సిన అవసరం కూడా రాలేదు. తనే వచ్చింది.

"అతను కూర్చుంటాడా సింహాసనం మీద?"

"రాణి కూర్చున్నా బాగానే ఉంటుంది," అంది దర్శకురాలు ఎటో చూస్తూ.

రాణి కిరీటం సరిచేసుకుని సెట్లోకి నడిచింది. ఆ వెనకే భటులూ ఈటెలు వెతుక్కున్నారు. మేకప్ మ్యాన్ ఒక్కడే మిగిలాడు.

"మీకంటే మీ కథలో విలన్లే నయం మేడమ్," అన్నాడు. అని, రాజుగారి గడ్డం సర్దడానికి వెళ్ళాడు.

అప్పటికీ గొడవ తీరలేదు. మాటల రచయిత రాజుగారి చావుకోసం ఒక పేజీ నిండా ప్రసంగం రాసి పంపాడు. అసిస్టెంట్ అది తెచ్చి ఇస్తే దర్శకురాలు పై నుంచి కింద దాకా ఒక్క గీత గీసింది.

"గిన్నె ఎత్తాలి, తాగాలి, పడిపోవాలి. అంతే."

"అంత పెద్ద నటుడు మేడమ్. పోయేముందు ఒక్క మాటైనా ఉంచండి."

"ఒక్కటీ వద్దు. ఇంకెన్నిసార్లు చెప్పాలి నీకు?"

అసిస్టెంట్ మొహం తిప్పుకున్నాడు.

షాట్ మొదటిసారికే అయిపోయింది. రాజుగారు గిన్నె అందుకుని, అందులో ఏముందో తెలిసినవాడిలా రాణి కళ్ళలోకి చూశాడు. తర్వాత సేనాధిపతి కళ్ళలోకి చూశాడు. దర్బారు అంతా ఒక్కొక్కరినీ చూసి, తొందర లేకుండా తాగి, సింహాసనం మెట్ల మీద ఒరిగిపోయాడు. రాణి గ్లిజరిన్ లేకుండానే ఏడ్చింది. సేనాధిపతి తల పైకెత్తలేకపోయాడు. కట్ అనగానే చప్పట్లతో సెట్ దద్దరిల్లింది. అందరూ ఆయన చుట్టూ మూగారు. దర్శకురాలికి దారి ఇవ్వడానికి మాత్రం ఒక్కరూ జరగలేదు. మేకప్ మ్యాన్ కావాలనే భుజం తగిలించి పోయాడు.

హడావుడి సద్దుమణిగాక ఆమె రాజుగారి గదికి వెళ్ళింది. పెద్దాయన అద్దం ముందు కిరీటం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆమెని చూసి, తలుపు వెయ్యమని సైగ చేశాడు. ఆమె వేసింది. బయట అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా ఆగి, ఆయన గొంతు తగ్గించి అడిగాడు.

"డైలాగులు గుర్తుండక నేనే చంపమన్నానని వాళ్ళకి చెప్పలేదు కదమ్మా?"