అత్తగారికి నచ్చిన సీటు

"ఇది సీటా, పరుపా?" అంటూ అత్తగారు విసుక్కుని లేచి నిలబడింది.

కోడలు గడియారం చూసుకుంది. పడవ సామాన్ల కొట్టులో అప్పటికే నాలుగు సీట్లు వద్దనిపించుకుని మూలకు చేరాయి. పడవల పోటీ చూస్తే ఈ మధ్యాహ్నమే. ఒకే ఇంటివాళ్ళు ఇద్దరు ఎక్కితేనే ఆ పోటీలోకి పడవను రానిస్తారు. మొగుడేమో బకెట్లో నీళ్ళు కదిలినా కళ్ళు తిరుగుతున్నాయనే రకం. పోయిన రెండు పోటీల్లోనూ తోటికోడలు తోడొచ్చింది, రెండుసార్లూ పడవ అందరికన్నా ఆఖరున ఒడ్డు చేరింది. ఈసారి ఆవిడ దూరం నుంచే దణ్ణం పెట్టేసింది.

ఇక మిగిలింది అత్తగారు. వస్తానంది గానీ, కూర్చునే సీటు మాత్రం తనకు నచ్చిందే వేయించాలని మెలిక పెట్టింది. చిన్న తెరచాప పడవ, అందులో ఉన్నవి వట్టి చెక్కబల్లలు. ఆవిడ అడిగినదాంట్లో తప్పేమీ లేదు. కానీ ఈ లెక్కన సీటు దొరికేసరికి పోటీ కాస్తా అయిపోయేలా ఉంది. కనీసం ఒక్క పడవకన్నా ముందు రాకపోతే కోడలు తమ పడవల క్లబ్బులో తలెత్తుకోలేదు.

"అత్తయ్యా, మీరు హాయిగా కూర్చుంటే చాలు. మీకు పనేం ఉండదు. పడవ సంగతి నేను చూసుకుంటా," అంది బతిమాలుతున్నట్టు.

"అలాగేలే," అంది అత్తగారు.

కొట్టతను ఇంకో సీటు మోసుకొచ్చాడు. "దీనికి వెనక ఆనుకోవడానికుంది, చేతులు పెట్టుకోవడానికుంది. మహారాణిలా కూర్చోవచ్చమ్మా."

అత్తగారు అందులో పక్కకు తిరిగి కూర్చుంది. ఒక కాలు చాపి ఎదురుగా ఉన్న సామాన్ల అరకు తన్నిపెట్టింది. చేయి వెనక్కి పోనిచ్చి అటూ ఇటూ ఊపింది. మోచేయి ఠక్కున తగిలింది.

"చేయి ఆడనివ్వడం లేదు. తీసెయ్."

"చేయి ఎందుకు ఆడాలి అత్తయ్యా?"

"కదలకుండా కూర్చోడానికి నేనేమన్నా బొమ్మనా?"

తర్వాత నున్నటి రెక్సిన్ సీటు వచ్చింది. ఆవిడ కొట్టతని మంచినీళ్ళ సీసా అందుకుని సగం నీళ్ళు దాని మీద కుమ్మరించింది. కొట్టతను "అయ్యయ్యో!" అంటూ గుడ్డ కోసం పరిగెత్తాడు. ఆవిడ దాని మీద కూర్చుని, సర్రున అంచుదాకా జారింది.

"చూశావా? పడవ ఒక పక్కకి ఒరిగిందంటే నేను తిన్నగా నీళ్ళలోకే."

"పడవ ఒరుగుతుందని మీకెవరు చెప్పారు?"

"టీవీలో చూశాలే."

కోడలు నిట్టూర్చింది. కూరగాయల బండి దగ్గర కూడా ఆవిడ ఇంతే. ఏదైనా పట్టుకుంటే ఓ పట్టాన వదలదు. ఈమధ్య వాకింగ్ పిచ్చి పట్టుకుంది. పొద్దున్నే వెళ్ళి, ముక్కు ఎండకి కందిపోయి, బూట్లు తడిపేసుకుని ఇంటికొస్తుంది. అడిగితే గడ్డి తడిగా ఉందంటుంది.

ఎట్టకేలకు అత్తగారి చూపు అటక మీద దుమ్ము కొట్టుకుపోతున్న ఒక పొడుగాటి మెత్త మీద పడింది. మెత్త అన్నమాటే గానీ చాపకన్నా కాస్త దళసరి, అంతే. పైన గరుకు గుడ్డ. దాన్ని బల్ల మీద పరిపించి, ఒక చివర కూర్చుంది. పైనేదో అడ్డమున్నట్టు తల వంచి, ఒక్క జరుగులో రెండో చివరకు పోయింది. మళ్ళీ తల వంచి ఇవతలికొచ్చింది. మొహం చాటంత అయింది.

"ఇదీ సీటంటే!"

"ఇంత పల్చనిదా? మీ నడుం పట్టేస్తుంది అత్తయ్యా!"

"నా నడుం సంగతి నీకెందుకు? బాబూ, ఆ మూలనున్న బీన్ బ్యాగు కూడా కట్టెయ్. ఏనుగంత ఉందే, అదే."

"ఒక్క మనిషికి రెండు సీట్లా?" కోడలు నోరెళ్ళబెట్టింది.

"ఇంకో మాటన్నావంటే నేను ఇంటికి పోతా."

కోడలు గబగబా రెండూ కారులోకి ఎక్కించింది. కాసేపు దీని మీదా, కాసేపు దాని మీదా కూర్చుంటుంది కాబోలు, ముసలావిడ ముచ్చట ఎందుకు కాదనాలి అని సరిపెట్టుకుంది. మనిషంటూ పడవెక్కితే అదే పదివేలు.

రేవు దగ్గర గాలి జోరుగా ఉంది. అందరి పడవలూ అప్పటికే తెరచాపలు ఎత్తేశాయి. కోడలు హడావుడిగా ఒడ్డున తాడు విప్పుతుంటే, రేవులో పడవలు కట్టేసే అతను పక్క పడవలోంచి అరిచాడు.

"అమ్మగారూ! గాలి ఎక్కువగా ఉంది. మొదటి మలుపు దగ్గర పొద్దున తిప్పినట్టే తిప్పేయండి, ఇక మీకు తిరుగులేదు!"

కోడలికి ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. అంతలోనే అనుమానమూ వచ్చింది.

"పొద్దున నేను రాలేదుగా?"

"మీతో కాదమ్మా!" అన్నాడతను నవ్వుతూ.

కోడలు గిరుక్కున తిరిగి చూసింది. పడవ వెనక అడ్డబల్ల మీద ఆ పల్చటి మెత్త పరిచి ఉంది. దాని మీద పక్కకు తిరిగి, ఒక కాలు ఎదుటి చెక్కకు తన్నిపెట్టి, చేయి వెనక్కి పోనిచ్చి చుక్కాని కర్ర పట్టుకుని, గాలి ఎటుందో చూస్తూ అత్తగారు కూర్చుని ఉంది. ముందు భాగంలో ఏనుగంత బీన్ బ్యాగు ఖాళీగా ఎదురుచూస్తోంది.

"రా అమ్మాయ్, ఆ మెత్తటిది నీకే కొన్నా. హాయిగా కూర్చో. నీకు పనేం ఉండదు, పడవ సంగతి నేను చూసుకుంటా."