తొమ్మిదో గొట్టం

"రక్తం గొట్టాలు తారుమారు చేసింది నువ్వేనా?" అని మేడమ్ అడిగేసరికి నాకు ఒళ్లు మండింది.

ల్యాబులో గాజుసామాను కడిగేది నేనే. సెలవుల్లో పరిశోధన నేర్చుకోవడానికి వచ్చిన హైస్కూలు పిల్ల పక్కనే నిలబడింది. రక్తం చెడే జబ్బున్న ఎనిమిది మందితో పోల్చడానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తం ఒక గొట్టం కావాలని పోయినవారం నన్నే అడిగింది. "గుండ్రాయిలా ఉన్నావుగా, ఇవ్వక్కా" అంటే చెయ్యి చాపాను.

"తొమ్మిదోది కూడా రోగుల రక్తంలాగే ఉంది మేడమ్. అక్క సర్దేటప్పుడు మార్చేసుంటుంది" అంది పిల్ల.

ఏం తప్పు జరిగినా కడిగేవాళ్ల నెత్తికే చుట్టుకుంటుంది. ఒప్పుకుంటే రేపటినుంచి పనుండదు. బడి మొహం చూడకపోయినా అక్షరాలూ అంకెలూ నాకు నేనే నేర్చుకున్నాను. గొట్టం లాక్కుని మేడమ్ కళ్లముందు పెట్టాను.

"నా పేరు, తొమ్మిది అంకె. రెండూ నా చేత్తో రాసినవే. ఏదీ మారలేదు. ఇది నా రక్తమే."

పిల్ల ఆ రాతను సరిచూసింది. "నిజమే మేడమ్, మారలేదు" అంది నెమ్మదిగా.

గెలిచాననుకున్నాను.

మూడేళ్లుగా ఆ గదిలో నిలబడే పనిచేస్తున్నాను. మేడమ్ లేచి, తన కుర్చీ నావైపు జరిపింది.

"కూర్చో తల్లీ."