జీపుకు పెద్ద టైర్లు

"ఇంకాస్త పెద్దవి లేవా, నాయనా?"

జీపు చక్రం ముందు గొంతుక్కూర్చున్న టైర్ల షాపతను తలెత్తి చూశాడు. ఎదురుగా అరవై దాటిన ఆవిడ. నర్సరీ మట్టి ఇంకా గోళ్ళలోనే ఉంది.

"ఇంతకంటే పెద్దవి పట్టవు పెద్దమ్మా. కంపెనీ రిమ్ములు మార్చనంటున్నారుగా, వాటికి ఇదే హద్దు. అయినా ఈ వయసులో మీకు జీపు సోకులేంటి?"

"సోకా, నా మొహమా! కొండదారంతా గుంటలు. మొక్కలు దుకాణానికి చేరేసరికి సగం కుండీలు పగులుతున్నాయి. ఈ నెల మరీను. మా ఆయన ఒకటే సణుగుడు."

"ముందే చెబుతున్నా, తర్వాత నన్ను తిట్టుకోకూడదు. బండి ఎత్తవుతుంది, ఎక్కడానికి పీట కావాలి. లాగుడు తగ్గుతుంది. డీజిలు ఎక్కువ తాగుతుంది. టైరు మారిన సంగతి మీటరుకు తెలీదు కాబట్టి, తిరిగిన కిలోమీటర్ల కంటే తక్కువే చూపిస్తుంది. స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు లోపల రాసుకోవచ్చు."

"రాసుకుంటే పేలిపోదు కదా?" ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"పేలదమ్మా!" అతను నవ్వాడు. "బిగించమంటారా?"

"ఆయన్నొక మాట అడగాలి" అంటూ ఆవిడ ఫోన్ తీసింది.

ఆయన్ని అడగకుండా ఆవిడ ఏదీ చేయదు. ఆయన ఒకప్పుడు గోడౌను గేటు దగ్గర లారీల మీటర్లు సరిచూసే ఉద్యోగం చేశాడు. ఉద్యోగం అయిపోయినా ఆ అలవాటు పోలేదు. మోకాళ్ళు పట్టేసి బండి ఆవిడ చేతికిచ్చాక, రోజూ సాయంత్రం కర్ర పట్టుకుని షెడ్డులోకి వచ్చి మీటరు చూస్తాడు. పొద్దుటి అంకె ఆయన బుర్రలో ఉంటుంది. దుకాణానికి పోయి రావడానికి ఎంత తిరగాలో అంతే తిరగాలి.

దానికో కారణముంది. కొండ దిగాక దారి రెండుగా చీలుతుంది. కుడివైపు దుకాణం. ఎడమవైపు, కాస్త దూరంలో, ఆవిడ అక్క ఇల్లు.

ఎప్పుడో తోడల్లుళ్ళిద్దరూ పొలం గట్టు విషయంలో మాటా మాటా అనుకున్నారు. బావగారు పదిమంది ముందు ఈయన్ని తన ఇంటి గేటు బయటకు నెట్టి గడియ పెట్టాడు. "ఆ గేటు దాటావంటే మళ్ళీ నా గుమ్మం తొక్కకు" అన్నాడు ఈయన, ఇంటికొచ్చి భార్యతో. బావగారు పోయినప్పుడు కూడా పంపలేదు.

ఆవిడకు తన పెళ్ళినాటి అక్కే కళ్ళలో మెదులుతుంది. అక్క ఎవరిని సాగనంపినా గేటు పట్టుకుని నిలబడిపోయేది. బండి కనుమరుగైనా కదిలేది కాదు. చాలాసేపటికి ఎవరో ఒకరు వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోవాల్సి వచ్చేది. ఇప్పుడలా తీసుకుపోయే వాళ్ళెవరూ ఆ ఇంట్లో లేరు.

ఆమధ్య దుకాణందారు చెప్పాడు. "మీ అక్కగారికి చూపు బాగా తగ్గిందండీ. పూర్తిగా పోయేలోగా మీ మొహం ఒక్కసారి చూసుకోవాలని ఉందట."

ఆ పూటే ఆవిడ భర్తను అడిగింది. "ఒక్కసారండీ. చూసి వచ్చేస్తాను."

"వెళ్ళు. ఎవరొద్దన్నారు? తిరిగి రావద్దంటున్నా, అంతే."

మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పొద్దున్నే వంటింట్లో కళ్ళు మూసుకుని గిన్నెలు తడుముకునేది. అక్కకు ఇంకా ఏ మాత్రం కనిపిస్తోందో, ఇవాళ్టికి అదీ పోయిందేమో అనుకునేది.

షాపతను ఆవిడ చేతిలోంచి ఫోన్ అందుకున్నాడు. "బాబాయిగారూ, పెద్ద టైర్లు కదా, కొత్తలో బాగా నెమ్మదిగా నడపాలి. ఆలస్యమైతే కంగారు పడకండి. డీజిలు కూడా కాస్త ఎక్కువ పడుతుంది. ఇంకా..."

"ఇంకా ఏముందయ్యా? కుండీలు పగలవు కదా?"

"పగలవు."

"అయితే బిగించెయ్. అదక్కడ కూర్చుంటే ఇక్కడ మొక్కలకు నీళ్ళెవరు పోస్తారు?"

గాలి నిండుతుంటే టైరు అంచు ఠప్పున రిమ్ములో కూర్చుంది. ఆవిడ ఉలిక్కిపడింది. మూలకు విసిరేసిన పాత టైర్లను చూస్తూ, "ఇన్నాళ్ళూ మోశాయి పాపం" అంది.

"టైర్ల కోసం కూడా ఏడ్చేలా ఉన్నారే!" అన్నాడు షాపతను.

మర్నాడు పొద్దున ఆయన జీపు చుట్టూ తిరిగి చూశాడు. "ఏనుగులా ఉందే! ఎక్కగలవా?"

ఆవిడ పీట వేసుకుని ఎక్కింది. ఆయన మీటరు చూసి పెదాలు కదిపాడు. "నెమ్మదిగా పో" అన్నాడు.

సాయంత్రం జీపు వచ్చేసరికి ఆయన షెడ్డు ముందే నిలబడి ఉన్నాడు.

"ఇంత ఆలస్యమా?"

"నెమ్మదిగా నడపమన్నారు కదండీ."

"కుండీలు?"

"ఒక్కటీ పగల్లేదు."

"కళ్ళేంటి అలా ఎర్రబడ్డాయి?"

"దుమ్మండీ. ఎత్తులో కూర్చున్నా కదా, గాలి మొహానికే కొడుతోంది."

ఆయన పీటెక్కి, కర్ర మీద బరువు వేసి, లోపలికి వంగి మీటరు చూశాడు. మనసులోనే తీసివేత వేసుకున్నాడు. మొహం విప్పారింది.

"సరిగ్గా ఎప్పటిలాగే! వెంట్రుకవాసి తేడా లేదు. ఇలా చెప్పిన మాట వింటే నాకు నీతో పేచీ ఏముంటుందే?"

కర్ర టకటకలాడించుకుంటూ ఆయన ఇంట్లోకి వెళ్ళాడు. దీపాలు పెట్టే వేళయింది. ఆవిడ ఇంకా వేడిగా ఉన్న టైరు మీద చెయ్యి ఆనించి, వచ్చిన దారివైపు చూస్తూ షెడ్డులోనే ఉండిపోయింది.

అక్క ఇంకా గేటు వదిలి ఉండదు.